బోధిచెట్టు కింద ఆ రాత్రి: వేర్వేరు కథనాలను పక్కపక్కన పెట్టి చదవడం ఎలా

వైశాఖ పౌర్ణమి దగ్గర పడితే నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు బుద్ధుడి మీద సభలు పెడుతుంటారు. ఒక వక్త, బుద్ధుడి సాధన చెడగొట్టడానికి వచ్చిన మారుడి సైన్యం గురించి, భూదేవి సాక్ష్యం గురించి ఒళ్లు పులకరించేలా చెబుతాడు. తర్వాత మైకు అందుకున్నాయన అవన్నీ పుక్కిటి పురాణాలు, బుద్ధుడు ఆలోచించి తెలుసుకున్నాడు, అంతే అంటాడు. ఇంకొకరు, ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడనే నాలుగు దృశ్యాల కథనే అంబేడ్కర్ ఒప్పుకోలేదు కదా అని గుర్తుచేస్తారు. వెనక వరసలో కూర్చున్న ఇంటర్ పిల్లకు తల తిరిగిపోతుంది. "సార్, ఇంతకీ మారుడు వచ్చిండా, రాలేదా?" అని అడుగుతుంది. చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబు రాదు, టీ వస్తుంది.

ఆ పిల్లకు మీరే జవాబు చెప్పగలిగేలా తయారవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. పాళీ రాకపోయినా పర్వాలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్, నాలుగైదు పాఠాల జిరాక్స్ కాపీలు, కాస్త ఓపిక, వీలైతే ఫణిగిరికో నాగార్జునసాగర్‌కో ఒక ప్రయాణం ఉంటే చాలు.

ముందుగా ఒక మాట. అన్ని కథనాలనూ కలిపి ఒకే పెద్ద కథగా కుట్టేయాలని మనసు లాగుతుంది. అలా చేయకండి. ఒక్కటే నిజమని పట్టుకుని మిగతావన్నీ అవతల పారేయాలన్న తొందర కూడా వద్దు. ఈ రెండు పనులూ సులువే కానీ, వాటివల్ల అసలు వినాల్సిన గొంతులు వినబడకుండా పోతాయి.

ముందు పాఠాలు పోగు చేయండి

ఎక్కువ వద్దు. పాళీలోని బుద్ధ బోధల సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయం నుంచి మూడు సుత్తాలు (బోధలు) తీసుకోండి: 4వది భయభేరవ సుత్తం, 26వది అరియపరియేసన సుత్తం, 36వది మహాసచ్చక సుత్తం. ఈ మూడింటిలోనూ బుద్ధుడు తన కథ తానే చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. వీటికి తోడు సుత్తనిపాతంలోని పధాన సుత్తం, అది గాథల రూపంలో ఉంటుంది. సంఘ నియమాల సంపుటమైన వినయపిటకంలోని మహావగ్గం తొలి పేజీలు. సంయుత్త నికాయంలో పాత నగరం గురించి చెప్పే నగర సుత్తం. ఇవన్నీ ఒక గుంపు.

రెండో గుంపు తర్వాతి కాలానిది. అశ్వఘోషుడి బుద్ధచరితంలో 13, 14 సర్గలు చాలు. సంస్కృత కావ్యమిది, సుమారు క్రీ.శ. 1-2 శతాబ్దాలది. జాతక కథలకు పాళీలో ముందుమాటగా ఉన్న నిదానకథ సుమారు 5వ శతాబ్దపుది. మనం చిన్నప్పుడు పాఠంలో చదువుకున్న బుద్ధుడి కథలో ఎక్కువ భాగం ఈ రెండో గుంపు నుంచి వచ్చిందే.

తెలుగులో దొరికినవి తెలుగులో చదవండి. దొరకనివాటికి ఇంగ్లీషు అనువాదాలు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి, సుత్తం నంబరు కొడితే వస్తాయి. ఒక్కటే జాగ్రత్త: సారాంశాలు చదవొద్దు. సారాంశం రాసినాయన అప్పటికే అన్నీ కలిపేసి ఉంటాడు. మీరు విడదీయాలని కూర్చున్నది ఆ కలిపిన ముద్దనే.

ఎవరు ఎవరికి చెబుతున్నారో మొదటి లైనులో రాసుకోండి

ఈ పని ఒక్కటి శ్రద్ధగా చేస్తే సగం చిక్కు విడిపోతుంది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

మన దగ్గర బోరు వేసిన రైతును తీసుకోండి. బ్యాంకు మేనేజరుకు ఆయన ఎన్ని ఫీట్లు దింపారో, ఎంత ఖర్చయిందో చెబుతాడు. కొడుకుకు చెప్పేటప్పుడు రెండు బోర్లు ఫెయిలైనా మూడోదానికి ఎలా ధైర్యం చేశాడో చెబుతాడు. తోటి రైతుకైతే నీళ్లు ఎక్కడ పడ్డాయో, ఏ రాయి తగిలిందో వివరిస్తాడు. మూడూ ఒకే బోరు కథ. ఒక్క మాట అబద్ధం లేదు. అయినా మూడింటినీ విడివిడిగా రాసి చూస్తే వేరే వేరే బోర్లేమో అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ మూడు సుత్తాలు తెరవండి.

భయభేరవ సుత్తంలో వింటున్నది జానుస్సోణి అనే బ్రాహ్మణుడు. అడవిలో ఒంటరిగా ఉండటం కష్టం కదా, మనసు చెదిరిపోదా అన్నది ఆయన సందేహం. అందుకని బుద్ధుడు భయం గురించి చెబుతాడు. రాత్రిపూట జింక దగ్గరికి వస్తుంది, నెమలి పుల్ల విరుస్తుంది, గాలికి ఎండుటాకులు కదులుతాయి, గుండె ఝల్లుమంటుంది. నడుస్తుండగా భయం వేస్తే నడుస్తూనే, కూర్చుని ఉండగా వేస్తే కూర్చునే ఆ భయాన్ని లొంగదీసుకున్నానని చెబుతాడు. అక్కడి నుంచి నేరుగా ధ్యానానికి, ఆ రాత్రి మూడు జాముల్లో కలిగిన మూడు జ్ఞానాలకు వెళ్లిపోతాడు. కఠోర తపస్సు ఊసే లేదు.

మహాసచ్చక సుత్తంలో ఎదురుగా ఉన్నది వైశాలికి చెందిన సచ్చకుడు, నిర్గ్రంథుల, అంటే జైనుల వైపు నుంచి వచ్చిన వాదనాపరుడు. సుఖం గానీ దుఃఖం గానీ మీ మనసును ఎప్పుడూ ముంచెత్తలేదా అని గుచ్చి అడుగుతాడు. శరీరాన్ని కష్టపెట్టడం గొప్పదనుకునే సంప్రదాయం నుంచి వచ్చిన మనిషికి చెప్పాల్సింది ఏమిటి? తాను పడ్డ కష్టమే. అందుకే ఇక్కడ ఊపిరి బిగబట్టడం, కడుపు చర్మం పట్టుకుంటే వెన్నెముక చేతికి తగలడం, వెంట్రుకలు కుదుళ్లతో ఊడిరావడం వరుసగా వస్తాయి. తర్వాత చిన్ననాడు నేరేడు చెట్టు నీడలో కూర్చున్న జ్ఞాపకం వస్తుంది. ఆ సుఖానికి నేనెందుకు భయపడుతున్నాను అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. మళ్లీ అన్నం తింటాడు. ఈ సుత్తం మొత్తంలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది ఆ ప్రశ్నే. తనను తాను అంత సూటిగా నిలదీసుకున్న మనిషి గొంతు రెండు వేల ఏళ్లు దాటి మనదాకా వచ్చింది.

అరియపరియేసన సుత్తంలో వింటున్నది భిక్షువులు. ఏది వెతకదగ్గది, ఏది కాదు అన్నది అక్కడ విషయం. అందుకని ఇద్దరు గురువులు, ఆలార కాలాముడు, ఉద్దక రామపుత్తుడు, వాళ్ల దగ్గర దొరికింది చాలదనిపించి వదిలి రావడం ప్రధానంగా వస్తాయి. అక్కడి నుంచి ఉరువేల దగ్గర చక్కని తోపు, తేటగా పారే నది, సాధనకు అనువైన చోటు. ఆ తర్వాత నిర్వాణం పొందానన్న మాట. మూడు జాములు లేవు, మారుడు లేడు, ఏ చెట్టో చెప్పలేదు.

అంటే ఒకే గ్రంథంలో, ఒకే మనిషి నోట, మూడు తీరుల కథ. ఎదురుగా ఉన్నవాళ్ల ప్రశ్నను బట్టి మాట తిరిగింది. నోట్‌బుక్‌లో ప్రతి పాఠం పైన "వింటున్నది ఎవరు, వాళ్ల ప్రశ్న ఏమిటి" అని రాయకుండా కింది లైనుకు వెళ్లకండి.

గళ్లు గీయండి, ఉన్నది మాత్రమే రాయండి

పేజీని అడ్డంగా తిప్పి పాఠానికో నిలువు గడి గీయండి. ఇల్లు విడవడం, గురువులు, తపస్సు, తిండి, చోటు, మారుడు, ఆ రాత్రి తెలిసినది, తర్వాతి వారాలు అని అడ్డంగా ఒక్కో వరస రాయండి. పాఠంలో ఉంటే రెండు మాటల్లో రాయండి, లేకపోతే గడి ఖాళీగా ఉంచండి.

మనం ఎంతగా కలిపి చదువుతున్నామో ఖాళీ గళ్లు చూశాకే తెలుస్తుంది. సుజాత పాయసం మహాసచ్చక సుత్తంలో ఉంటుందని దాదాపు అందరూ అనుకుంటారు. అక్కడ ఆయన తిన్నది మామూలు అన్నం, ఉడికించిన ధాన్యం. సుజాత, బంగారు గిన్నె, పాయసం నిదానకథ గడిలోకి వెళ్లాలి. ఇల్లు విడిచిన సంగతి చూడండి. సుత్తాల్లో తల్లిదండ్రులు కన్నీళ్లతో ఏడుస్తుండగా, నల్లని జుట్టున్న నిండు యవ్వనంలో, తల గొరిగించుకుని వెళ్లానని ఉంటుంది. అర్ధరాత్రి కంథకం అనే గుర్రం మీద ఎవరికీ తెలియకుండా వెళ్లడం తర్వాతి కథల్లోది. తల్లి మాయాదేవి ఆయన పుట్టిన ఏడు రోజులకే పోయిందని మజ్ఝిమ నికాయమే 123వ సుత్తంలో చెబుతుంది. మరి ఏడ్చిన తల్లి ఎవరు? పెంచిన తల్లి మహాప్రజాపతి అని వెంటనే పూరించాలనిపిస్తుంది. కావచ్చు కూడా. కానీ పాఠం ఆ పేరు చెప్పలేదు. గడిలో "తల్లిదండ్రులు" అని మాత్రమే రాసి, మీ ఊహను పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. పెన్నుతో రాసింది పాఠం, పెన్సిల్‌తో రాసింది మీరు. ఈ తేడా చివరిదాకా కాపాడుకోండి.

చెప్పలేదంటే కాదన్నట్టు కాదు

ఖాళీ గడి కనబడగానే "చూశారా, తపస్సు కథ తర్వాత కల్పించారు" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. తొందర పడొద్దు. ఆ పాఠంలోనే ఇంకెక్కడైనా ఆ సంగతి తెలిసినట్టు ఆనవాలు ఉందా అని వెతకండి.

అరియపరియేసన సుత్తాన్నే పరీక్షకు పెడదాం. తపస్సు అక్కడ ఎక్కడా చెప్పలేదన్నాం కదా. ఇంకొంచెం కిందికి చదవండి. జ్ఞానం కలిగాక ధర్మం ఎవరికి మొదట చెప్పాలా అని ఆలోచిస్తూ, నేను సాధనలో మునిగి ఉన్నప్పుడు నాకు సేవ చేసిన ఐదుగురు భిక్షువులున్నారు కదా అనుకుంటాడు. ఆయన దగ్గరికి వస్తుంటే ఆ ఐదుగురూ, ఈయన సాధన వదిలేసి సుఖాలకు మరిగాడు, లేచి నిలబడొద్దు అని మాట్లాడుకుంటారు. కఠిన సాధన, దాన్ని వదలడం, దాంతో వీళ్లు అలగడం ఇవేవీ తెలియకపోతే ఈ సన్నివేశానికి అర్థమే లేదు. అంటే ఆ కథ చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఆ పూట అవసరం లేక చెప్పలేదు.

ఇలాంటి ఆనవాలు దొరికితే గడిలో చిన్న చుక్క పెట్టండి: చెప్పలేదు, కానీ తెలుసు. దొరకకపోతే ఖాళీగానే వదలండి. మారుడి విషయంలో అరియపరియేసనంలోని ఆ రాత్రి కథకు నేను చుక్క పెట్టలేను. అలాంటి ఆనవాలు నాకు అక్కడ కనబడలేదు.

ఇంకో పరీక్ష ఉంది. బౌద్ధ సంఘం వేర్వేరు శాఖలుగా చీలాక కూడా ఒకే సంగతి రెండు శాఖల దగ్గరా మిగిలితే, అది చీలికకు ముందుదై ఉండే అవకాశం ఎక్కువ. అరియపరియేసనానికి, వేరే శాఖ నుంచి చైనా భాషలోకి వెళ్లిన మధ్యమాగమం అనే బోధల సంపుటంలో 204వ సూత్రం జోడీ. లోతుగా వెళ్లాలనుకునేవాళ్లు ఆ రెండూ పక్కపక్కన చూడండి.

నిజంగా ఢీకొనే చోటు

కొన్ని తేడాలు వినేవాళ్లను బట్టి వచ్చినవి కావు. వాటిని దాచొద్దు. అన్నిటికంటే పెద్దది, ఆ రాత్రి ఆయనకు తెలిసినది ఏమిటి అన్నదే.

భయభేరవ, మహాసచ్చక సుత్తాల ప్రకారం మొదటి జాములో పూర్వజన్మల జ్ఞాపకం, నడిజాములో జీవులు తమ కర్మను బట్టి చావడం, పుట్టడం చూసే దివ్యచక్షువు, చివరి జాములో ఆస్రవాలు, అంటే మనసులోని మలినాలు నశించాయన్న జ్ఞానం. అక్కడ నాలుగు సత్యాలు వస్తాయి: దుఃఖం, దాని కారణం, అది ఆగడం, ఆపే దారి.

మహావగ్గం తెరిస్తే జ్ఞానోదయం అప్పటికే అయిపోయింది. ఏడు రోజులు బోధివృక్షం కింద కూర్చున్నాడు. రాత్రి మూడు జాములూ ప్రతీత్యసముత్పాదాన్ని, అంటే ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి ఎలా పుడుతుందో, ఒకటి ఆగితే ఇంకొకటి ఎలా ఆగుతుందో ముందుకూ వెనక్కూ తలచుకున్నాడు. మూడు జాములు అవే. లోపలి విషయం మారింది, రాత్రి కూడా మారింది.

నగర సుత్తం ఇంకోలా చెబుతుంది. జ్ఞానానికి ముందే, ముసలితనం, చావు దేనివల్ల వస్తున్నాయి అని వెనక్కి వెనక్కి వెతుక్కుంటూ పోయానని, అడవిలో పాత దారి పట్టుకుని పోతే పాత నగరం కనబడ్డట్టు ఆ దారి కనిపించిందని ఉంటుంది.

ఇప్పుడు రెండో గుంపు దగ్గరికి రండి. బుద్ధచరితంలో మొదటి జాములో పూర్వజన్మలు, రెండో జాములో దివ్యచక్షువు, మూడో జాములో కార్యకారణాల గొలుసు. నిదానకథలోనూ చివరి జాముకు ప్రతీత్యసముత్పాదం వచ్చి కూర్చుంది. అంటే రెండు వేర్వేరు జ్ఞాపకాలు ఉన్నాయని ఆ పాతకాలం వాళ్లకూ తెలుసు. రెండూ పోకుండా ఒకే రాత్రిలో ఇమిడేలా పేర్చారు. అతుకు ఎక్కడ వేశారో మీ గళ్లలో స్పష్టంగా కనబడుతుంది.

ఇక్కడ మీరు తీర్పు చెప్పక్కర్లేదు. నా తీర్పు అడిగితే చెబుతాను. మూడు జ్ఞానాలు, కార్యకారణాల గొలుసు ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. రెండోజాములో చూసింది జీవుల మీద పనిచేసే నియమం, గొలుసు అదే నియమాన్ని విడమరిచి చెప్పడం. కానీ ఏ రాత్రి, ఏ జాము అన్న లెక్కలో పాఠాలు ఏకం కావు. భావం కలుస్తోంది కదా అని లెక్క కూడా కలిసిందని రాయకూడదు.

చిన్న లెక్కల తేడాలకు ఇంత సమయం పెట్టకండి. బోధి తర్వాత మహావగ్గంలో నాలుగు వారాలు, నిదానకథలో ఏడు. తపస్సు ఆరేళ్లని వాడుక. మారుడు మాత్రం ఏడేళ్లు వెంటపడ్డానంటాడు. బోధికి ముందు ఆరు, తర్వాత ఒకటి అని అట్ఠకథ (పాళీ వ్యాఖ్యానం) సర్దింది. రాసుకుని ముందుకు వెళ్లండి.

రాళ్లను కూడా పాఠంగా చదవండి

దేశంలో ఎంతోమంది పుస్తకాలతోనే సరిపెట్టుకోవాలి. దక్షిణ తెలంగాణలో ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు. 2016కు ముందు నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో, మూసీలో కలిసే బిక్కేరు పక్కన ఉంది. అక్కడి స్తూపపు తోరణ దూలం మీద బుద్ధుడి జీవిత ఘట్టాలు చెక్కారు. కొన్ని శిల్పాలు వేరే చోట భద్రపరిచి ఉంటారు కాబట్టి బయల్దేరేముందు ఆర్కియాలజీ వాళ్లను కనుక్కోండి. ఇంకోవైపు నాగార్జునకొండ. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండేలోపు లోయను తవ్వి, దొరికిన శిల్పాలను, కట్టడాలను కొండమీదికి తరలించారు. లాంచీ ఎక్కి ఆ ద్వీపంలోని మ్యూజియానికి వెళ్లాలి. లాంచీలు, మ్యూజియం సెలవు రోజు ముందే అడిగి పెట్టుకోండి.

శిల్పం ముందు నిలబడ్డప్పుడు పుస్తకం దగ్గర వేసిన ప్రశ్నలే వేయండి. ఏం చెక్కారు, ఏం వదిలేశారు? బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపారా, లేక చెట్టు కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు మాత్రమేనా? చెట్టుకు రెండువైపులా ఎవరున్నారు? కృష్ణా లోయ శిల్పులకు ఇష్టమైన ఘట్టాల్లో మారుడి దాడి ఒకటి. ఏనుగు, ఆయుధాలు ఎత్తిన వికృత రూపాలు, నాట్యమాడే ఆడవాళ్లు, మధ్యలో కదలని ఆసనం.

ఇక తేదీలు చూడండి. నాగార్జునకొండ శిల్పాలు ఆ లోయను ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలానివి, అంటే 3వ శతాబ్దం, 4వ శతాబ్దం తొలినాళ్లు. నిదానకథ అంతకంటే వంద ఏళ్లకు పైగా తర్వాతిది. కాబట్టి మారుడి సైన్యం కథ నిదానకథ కల్పన అనే వాదన మన రాళ్ల ముందు నిలబడదు. సింహళంలో ఆ పాళీ కథ రాయకముందే కృష్ణ ఒడ్డున శిల్పి దాన్ని చెక్కేశాడు. ఎంతో దూరం నుంచి తెచ్చుకున్న పుస్తకం కంటే పాత సాక్ష్యం మన ఇంటి పక్కనే ఉందంటే నాకు ఇప్పటికీ ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

ఇంకో సంగతి అంతకంటే విలువైనది. నాగార్జునకొండ మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, రాజు అత్తగారైన చాంతిసిరి దానంతో పూర్తయింది. ఆ పని పర్యవేక్షించిన భిక్షువు పేరు ఆనందుడని, ఆయన దీఘ, మజ్ఝిమ నికాయాలు ధారణ చేసినవాడని శాసనం చెబుతుంది. ఆయన శాఖ దగ్గరున్న పాఠం, మనకు దొరికిన పాళీ పాఠం అక్షరం అక్షరం ఒకటే అనుకోకూడదు. అయినా మజ్ఝిమ నికాయం నోటికి వచ్చిన మనిషి ఉన్న లోయలోనే, మారుడి సైన్యాన్ని చెక్కిన రాళ్లూ నిలబడ్డాయి. ఆ లోయలోనే అపరమహావినశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ భిక్షువులు, ఇలా వేర్వేరు బౌద్ధ శాఖలవాళ్లు వేర్వేరు విహారాల్లో ఉన్నారు, శాసనాల్లో ఆ పేర్లన్నీ ఉన్నాయి. సభలో ఎవరైనా "ఏదో ఒకటే చెప్పండి" అని ఒత్తిడి చేస్తే ఈ లోయ గురించి చెప్పండి.

మారుడిని పొరపొరగా తీయండి

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్నకు రావచ్చు. మీ పట్టికలో మారుడి వరస మాత్రమే తీసి, పాతదాని నుంచి కొత్తదానికి పేర్చండి.

పాత పొరల్లో ఒకటి పధాన సుత్తం. అక్కడ నముచి అనే పేరుతో మారుడు నేరంజర నది ఒడ్డున సాధనలో చిక్కిపోయిన మనిషి దగ్గరికి వస్తాడు. కత్తులతో కాదు, జాలి మాటలతో. పాలిపోయావు, చావు దగ్గర పడింది, బతుకు, బతికితే పుణ్యం చేసుకోవచ్చు అంటాడు. జవాబుగా ఆయన నీ సేనలు నాకు తెలుసని వరసగా చెబుతాడు: మొదటిది కామం, రెండోది విసుగు, మూడోది ఆకలిదప్పులు, నాలుగోది తృష్ణ, ఐదోది మత్తు, నిద్ర, ఆరోది భయం, ఏడోది అనుమానం, ఎనిమిదోది కపటం, మొండితనం. గమనించండి, ఇది బోధిచెట్టు కింది రాత్రి అని ఆ గాథలు చెప్పవు.

తర్వాతి పొర బుద్ధచరితం. మారుడు కొడుకులతో, కూతుళ్లతో వస్తాడు. పూలబాణం వేస్తాడు. జంతువుల ముఖాలున్న సేన వస్తుంది. ఆ తర్వాత మన శిల్పాలు, ఆపై నిదానకథ. ఇందులో గిరిమేఖల అనే ఏనుగు, తుఫానులు, సాక్ష్యం చెప్పే భూమి. మారుడి కూతుళ్లు బుద్ధచరితంలో దాడికి ముందే ఉంటారు, నిదానకథలో జ్ఞానోదయమయ్యాక వారాలకు వస్తారు.

వరసగా చూశాక నాకు అర్థమైంది ఇది. లోపల జరిగిన పోరాటానికి తొలి గాథలోనే సేన అని పేరు పెట్టారు. శిల్పికి భయాన్ని, అనుమానాన్ని రాతిలో చూపాలంటే ముఖాలు కావాలి, ఆయుధాలు కావాలి. ఆ తర్వాత కథ చెప్పినవాళ్లు ముఖాలకు పేర్లు పెట్టారు. కాబట్టి ఆ పిల్లకు నేనైతే ఇలా చెబుతాను: "అమ్మా, మూడు సుత్తాల్లో ఆ రాత్రి కథలో మారుడు లేడు. పాత గాథల్లో ఉన్నాడు, అక్కడ ఆయన సైన్యం ఆకలి, భయం, అనుమానం. ఏనుగెక్కి వచ్చింది తర్వాత." ఇది ఎవరి నమ్మకాన్నీ చిన్నబుచ్చదు, ఎవరికీ అబద్ధం చెప్పదు.

మన కాలపు కథనాలకూ గడి గీయండి

1957లో వెలువడిన "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో అంబేడ్కర్ నాలుగు దృశ్యాల వివరణను ఒప్పుకోలేదు. ముసలితనం, రోగం, చావు 29 ఏళ్లదాకా ఒక మనిషి కంటపడకుండా ఉంటాయా అన్నది ఆయన ప్రశ్న. దానికి బదులు రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు వచ్చిన తగువులో సిద్ధార్థుడు యుద్ధం వద్దన్నాడని, అందుకే ఇల్లు విడవాల్సి వచ్చిందని రాశారు. పాత పాళీ కథల్లో రోహిణీ తగువు ఉంది, అయితే బుద్ధుడయ్యాక ఆయన వెళ్లి ఆపిన తగువుగా. ఇది కూడా గడిలో రాయండి, అంతే గౌరవంగా. వింటున్నది ఎవరన్న ప్రశ్న ఇక్కడా వేయండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయనతో పాటు దీక్ష తీసుకున్న లక్షల మందికి, అంటరానితనం నుంచి బయటపడుతున్న మనుషులకు ఆ పుస్తకం.

నాలుగు దృశ్యాల మీద అనుమానం ఇరవయ్యో శతాబ్దంలోనే పుట్టిందనుకోకండి. దీఘ నికాయంలోని మహాపదాన సుత్తం ఆ కథను విపస్సి అనే పూర్వ బుద్ధుడికి చెబుతుంది. అంగుత్తర నికాయంలో గౌతముడు తన గురించి చెప్పుకునేటప్పుడు రథం, తోట ఏమీ లేవు, ముసలితనం, రోగం, చావు తనకూ తప్పవని తలచుకోవడమే ఉంది. నిదానకథ రాసినాయన సైతం, నాలుగు దృశ్యాలూ ఒకే రోజు చూశాడని దీఘభాణకులు (దీఘ నికాయాన్ని వల్లించేవాళ్లు) అంటారు అని నిజాయితీగా రాసిపెట్టాడు. వేరే పాఠం ఉందని చెప్పడానికి ఆయన జంకలేదు.

2022 మేలో సాగర్‌లో తెరిచిన బుద్ధవనంలో బుద్ధచరిత వనం చూసి వచ్చాక, అక్కడి శిల్పాలకూ ఒక గడి గీయండి. పిల్లలను తీసుకెళితే ప్రతి శిల్పం దగ్గరా "ఇది ఏ పాఠంలోంచి?" అని అడగండి. పోటీ పెడితే మీకంటే వాళ్లే ముందు కనిపెడతారు.

సభలో చెప్పేటప్పుడు

ప్రతి వాక్యానికి ముందు పాఠం పేరు చెప్పడం అలవాటు చేసుకోండి. "బుద్ధుడు అర్ధరాత్రి గుర్రమెక్కి వెళ్లాడు" అనకుండా "నిదానకథ ప్రకారం" అనండి. మొదట్లో నసగా ఉంటుంది, వినేవాళ్లకు త్వరగానే అలవాటవుతుంది.

పెద్దవాళ్లెవరైనా చిన్నప్పటి నుంచి విన్న కథ చెబుతుంటే మధ్యలో అడ్డుపడకండి. పూర్తయ్యాక "పెద్దమ్మా, నువ్వు చెప్పింది ఫలానా పాఠంలో ఉంది, ఇంకో పాఠంలో ఇలా ఉంది, చదవమంటావా?" అని అడగండి. చదవమనే అంటారు.

తేలనివాటికి చివర ఒక పేజీ ఉంచండి. నా పేజీలో మొదటి వరస రాహులుడిది. పాళీ కథలో సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రోజే కొడుకు పుట్టాడు. మూలసర్వాస్తివాదులు అనే ఇంకో బౌద్ధ శాఖ వినయంలో ఆ రాత్రి కడుపులో పడి, తండ్రికి జ్ఞానోదయమైన రాత్రి పుట్టాడు. వీటిని సర్దే దారి నాకు కనబడలేదు కాబట్టి రెండూ అలాగే రాసి ఉంచాను.

వచ్చే వైశాఖ పౌర్ణమికి ఇలా చేసి చూడండి. వక్తల సంఖ్య తగ్గించి ముగ్గురు చదువరులను పెట్టండి. ఒకరు భయభేరవం, ఒకరు మహాసచ్చకం, ఒకరు అరియపరియేసనం, ఆ రాత్రి వచ్చే భాగం మాత్రమే గట్టిగా చదవాలి. ప్రతి చదువుకు ముందు, వింటున్నది జానుస్సోణి, వింటున్నది సచ్చకుడు, వింటున్నది భిక్షువులు అని ప్రకటించాలి. గళ్లు గీసిన పట్టిక పెద్ద చార్టు మీద రాసి గోడకు అంటించండి, పక్కనే మార్కరు పెట్టండి. ప్రశ్నలున్నవాళ్లు వచ్చి ఖాళీ గళ్లలో రాస్తారు.